కొత్త స్టీరియో పెట్టించాక స్పీకర్లు గరగరలాడుతున్నాయా? కొత్త స్పీకర్లు కొనేముందు ఇవి చెక్ చేయండి

కారుతో పాటు వచ్చిన పాత స్టీరియో తీసేసి 9 అంగుళాల ఆండ్రాయిడ్ టచ్ స్క్రీన్ పెట్టించుకోవడం ఇప్పుడు చాలా మామూలైపోయింది. మ్యాప్స్, రివర్స్ కెమెరా, బ్లూటూత్ అన్నీ ఒకే స్క్రీన్ మీదకి వచ్చేస్తాయి. అయితే చాలామందికి ఆ సంతోషం మొదటి పాట వరకే. వాల్యూమ్ కాస్త పెంచగానే సౌండ్ చిరిగిపోతుంది, బేస్ వచ్చిన ప్రతిసారీ డోర్ గరగరలాడుతుంది. షాపుకి వెళ్తే వినిపించే మొదటి మాట: "స్పీకర్లు పోయాయి సార్, నాలుగూ మార్చేయాలి."

ఒక్కసారి ఆలోచించండి. నిన్నటిదాకా బాగా మోగిన నాలుగు స్పీకర్లు స్టీరియో మార్చిన రోజే ఒకేసారి పోతాయా? దాదాపుగా జరగని పని. నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య మారింది స్టీరియో, దాని సెట్టింగ్స్, డాష్ వెనక వేసిన కనెక్షన్లు. తప్పు కూడా ఎక్కువగా అక్కడే ఉంటుంది. అలాగని "తర్వాత చూద్దాంలే" అని అదే సౌండ్‌తో నెలల తరబడి తిరిగితే మాత్రం బాగున్న స్పీకర్లు కూడా నిజంగానే కాలిపోవచ్చు. అందుకే డబ్బు ఖర్చు లేని చెకింగ్‌లు ముందు, ఖర్చయ్యేవి చివర అన్న వరసలో ఈ గైడ్ రాస్తున్నాను.

ముందు వినండి: సౌండ్ ఎప్పుడు పాడవుతోంది?

డిస్టార్షన్ అన్నది ఒకటే జబ్బు కాదు. అది ఎప్పుడు వస్తోందో గమనిస్తే సగం సమస్య తేలిపోతుంది.

- వాల్యూమ్ ఎక్కువ పెట్టినప్పుడు మాత్రమే, అన్ని స్పీకర్లలోనూ వస్తోందా? స్టీరియో తన శక్తికి మించి పనిచేస్తోంది, లేదా సెట్టింగ్స్ ఎక్కువయ్యాయి.
- తక్కువ వాల్యూమ్‌లో కూడా వస్తోందా? వైరింగ్, పాట వస్తున్న సోర్స్, లేదా కారులో ముందే ఉన్న కంపెనీ యాంప్లిఫయర్‌ని అనుమానించండి.
- ఒక్క స్పీకర్‌లోనే వస్తోందా? ఆ స్పీకర్, దానికి వెళ్లే వైరు, లేదా ఆ డోర్ ప్యాడ్.
- స్పీడ్ బ్రేకర్ మీద, డోర్ వేసినప్పుడు చిటపటలాడుతోందా? లూజ్ కనెక్షన్, లేదా వైరు బాడీకి తగులుతోంది.
- ఇంజిన్ రేజ్ చేస్తే కూతలా పెరుగుతోందా? అది డిస్టార్షన్ కాదు. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే నాయిస్. దాని దారి వేరు.

పది నిమిషాల టెస్ట్

కారు నిలిపి, కిటికీలు మూసి కూర్చోండి. మీకు బాగా తెలిసిన పాట ఒకటి పెట్టండి. స్టీరియోలో బ్యాలెన్స్, ఫేడర్ అని ఉంటాయి. వాటితో సౌండ్‌ని ఒక్కో మూలకి పంపండి: ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, వెనక కుడి. ఏ మూలలో పాడవుతోందో రాసుకోండి. ముందు ఎడమ అని పెడితే వెనక కుడి మోగిందనుకోండి, వైర్లు తారుమారయ్యాయని అక్కడే దొరికిపోతుంది.

తర్వాత సోర్స్ మార్చి చూడండి. అదే పాటని బ్లూటూత్‌లో, పెన్‌డ్రైవ్‌లో వినండి. ఆ తర్వాత ఎఫ్ఎం రేడియో పెట్టండి. బ్లూటూత్‌లో మాత్రమే గరగర వచ్చి మిగతా రెండింట్లో శుభ్రంగా ఉంటే స్పీకర్లకీ వైర్లకీ ఏ సంబంధం లేదు, ఫోన్ వైపు చూడాలి. ఎన్నో చేతులు మారి వాట్సాప్‌లో వచ్చిన పాటతో టెస్ట్ చేయకండి. ఫైల్‌లోనే సౌండ్ పాడైపోయి ఉంటే ఏ స్టీరియో బాగుచేయలేదు.

సెట్టింగ్స్: అసలు దొంగ ఎక్కువసార్లు ఇక్కడే ఉంటాడు

నేను చూసిన కార్లలో ఎక్కువ వాటికి మందు ఇక్కడే దొరికింది. కొత్త స్టీరియో అమ్మేవాళ్లు డెమో అదిరిపోవాలని బేస్ పెంచి, లౌడ్‌నెస్ ఆన్ చేసి, ఈక్వలైజర్‌ని 'రాక్'లో పెట్టి ఇస్తారు. దానికి తోడు మన ఫోన్‌లో డాల్బీ అట్మాస్, మ్యూజిక్ యాప్‌లో మరో ఈక్వలైజర్. అంటే ఒకే పాటకి మూడుసార్లు మసాలా పడుతోంది.

దీని వెనక లెక్క సింపుల్. బేస్‌ని 3 డెసిబెల్స్ పెంచితే ఆ బేస్‌కి రెట్టింపు పవర్ కావాలి. 6 పెంచితే నాలుగు రెట్లు. 10 పెంచితే పది రెట్లు. స్క్రీన్ మీద వేలితో గీత కాస్త పైకి జరిపాం అనుకుంటాం, కానీ లోపల ఉన్న చిన్న యాంప్లిఫయర్ చిప్‌ని పది రెట్లు పని చేయమంటున్నాం.

కాబట్టి ఈ వరసలో చేయండి:

1. ఫోన్‌లో డాల్బీ, ఈక్వలైజర్, 'సౌండ్ బూస్టర్' లాంటి యాప్‌లు అన్నీ ఆఫ్ చేయండి.
2. స్టీరియోలో ఈక్వలైజర్ ఫ్లాట్ చేయండి. అన్ని గీతలూ సున్నా దగ్గర ఉండాలి.
3. లౌడ్‌నెస్, బేస్ బూస్ట్ ఆఫ్. సబ్‌వూఫర్ లేకపోతే సబ్ లెవెల్ కూడా ఆఫ్.
4. హై పాస్ ఫిల్టర్ ఉంటే ఆన్ చేసి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. డాష్ మీది చిన్న 4 అంగుళాల స్పీకర్లైతే 100 లేదా 120 వరకు వెళ్లొచ్చు.
5. ఫోన్ వాల్యూమ్ 80–90 శాతం దగ్గర ఉంచి, మిగతాది స్టీరియో వాల్యూమ్‌తో సర్దుకోండి.

నాలుగో పాయింట్ చాలామంది వదిలేస్తారు. డోర్‌లో ఉండే స్పీకర్ మరీ కింది బేస్‌ని మోయలేదు. మోయమంటే దాని కోన్ హద్దు దాటి ఊగుతుంది, ఆ గరగర అదే. ఆ భారం తీసేస్తే పాటలో గొంతు ఒక్కసారిగా తేటపడుతుంది. బేస్ కొంచెం తగ్గినట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ శుభ్రమైన బేస్ తక్కువగా ఉండటం, చిరిగిన బేస్ ఎక్కువగా ఉండటం కన్నా మేలు.

బాక్స్ మీద రాసిన 50×4 వాట్స్ సంగతి

"నా స్టీరియో 50 వాట్స్ కదా, మరి వాల్యూమ్ పెంచితే ఎందుకు చిరుగుతోంది?" అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ 50 ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు కారు ఎలక్ట్రికల్ సిస్టంలో 14.4 వోల్టుల వరకు ఉంటుంది. మామూలు స్టీరియో లోపలి యాంప్‌కి దొరికేది అంతే. స్పీకర్ 4 ఓమ్స్ అనుకుందాం. 14.4ని 14.4తో గుణించి 4తో భాగిస్తే దాదాపు 52 వస్తుంది. బాక్స్ మీది 50 ఇదే. కానీ ఇది సౌండ్ తరంగం పైనా కిందా పూర్తిగా చదునైపోయినప్పటి లెక్క, అంటే వినడానికి పనికిరాని సౌండ్. తరంగం గుండ్రంగా, శుభ్రంగా ఉండాలంటే అందులో సగమే, సుమారు 26 వాట్స్. చిప్‌లో పోయే నష్టం తీసేస్తే ఒక్కో స్పీకర్‌కి నిజంగా దక్కేది 15 నుంచి 20 వాట్స్.

ఆ హద్దు దాటి వాల్యూమ్ పెంచితే ఏమవుతుంది? తక్కువ ఎత్తు సీలింగ్ ఉన్న గదిలో ఎగిరితే తల కొట్టుకున్నట్టే, సౌండ్ తరంగం పైభాగం వోల్టేజ్ సీలింగ్‌కి తగిలి చదునైపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. చెవికి అది గరుకుగా, చిరిగినట్టు వినిపిస్తుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. చదునైన తరంగం స్పీకర్ కాయిల్‌కి శుభ్రమైన తరంగం కన్నా రెట్టింపు దాకా పవర్ పంపగలదు. పైగా అందులో లేని హై ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి, అవి నేరుగా ట్వీటర్ మీద పడతాయి. అందుకే ముందుగా పోయేది ట్వీటరే.

చేయాల్సింది ఇదీ: ఈక్వలైజర్ ఫ్లాట్‌లో ఉంచి, వాల్యూమ్ మెల్లగా పెంచుతూ, సౌండ్ గరుకెక్కడం మొదలైన నంబర్ గుర్తుపెట్టుకోండి. దానికి రెండు మూడు అంకెలు తక్కువ మీ కారుకి హద్దు. చాలా స్టీరియోల్లో ఇది మొత్తం వాల్యూమ్‌లో మూడొంతుల దగ్గర ఉంటుంది. ఈసారి స్టీరియో కొనేటప్పుడు 'మ్యాక్స్' వాట్స్ కాకుండా 'ఆర్ఎంఎస్' వాట్స్ అడగండి. సీటీఏ-2006 ప్రకారం రేటింగ్ ఇచ్చిన మోడల్ అయితే ఆ అంకె 14.4 వోల్టులు, 4 ఓమ్స్, 1 శాతం డిస్టార్షన్ లోపు కొలిచింది. దాన్ని నమ్మొచ్చు.

వైరింగ్: టేపు కింద దాగిన తప్పులు

సెట్టింగ్స్ సరిచేసినా ఒక మూలలో సౌండ్ పాడవుతుంటే ఇక వైర్లు చూడాలి. 300–400 రూపాయల మామూలు మల్టీమీటర్ చాలు. స్టీరియోతో వచ్చే హార్నెస్‌లో రంగులు సాధారణంగా ఇలా ఉంటాయి: తెలుపు జత ముందు ఎడమ, బూడిద రంగు జత ముందు కుడి, ఆకుపచ్చ జత వెనక ఎడమ, ఊదా జత వెనక కుడి. ప్రతి జతలో నల్ల గీత ఉన్నది మైనస్. పసుపు బ్యాటరీ, ఎరుపు ఏసీసీ అంటే తాళం తిప్పితే వచ్చే కరెంట్, నలుపు గ్రౌండ్. కారు వైపు నుంచి వచ్చే వైర్ల రంగులు మాత్రం కంపెనీని బట్టి మారతాయి. రంగు చూసి రంగుకి కలపడమే చాలా తప్పులకి మూలం.

ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోవాలి. ఈ స్టీరియోల్లో స్పీకర్ మైనస్ అంటే గ్రౌండ్ కాదు. ప్లస్, మైనస్ రెండు వైర్లనీ యాంప్ చిప్పే నడుపుతుంది. కాబట్టి రెండింట్లో ఏదీ కారు బాడీకి తగలకూడదు. చెక్ చేయడానికి సౌండ్ పూర్తిగా తగ్గించి, స్టీరియో ఆన్‌లో ఉంచి, మీటర్ నల్ల ప్రోబ్ బాడీకి, ఎర్ర ప్రోబ్ ఒక్కో స్పీకర్ వైరుకి పెట్టండి. సాధారణంగా రెండింటి మీదా బ్యాటరీ వోల్టేజ్‌లో సగం, అంటే 6 వోల్టుల చుట్టుపక్కల కనిపిస్తుంది. ఒక వైరు మీద సున్నా వచ్చిందంటే అది ఎక్కడో బాడీకి తగులుతోందని అనుమానించాలి.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక క్యాబ్ డ్రైవర్ కారు విషయంలో ఇదే జరిగింది. పాత వ్యాగన్ఆర్‌కి కొత్త స్టీరియో వేయించాడు. వారం తిరక్కుండానే సౌండ్ చిరగడం, గుంత వచ్చినప్పుడల్లా మొత్తం ఆగిపోయి మళ్లీ రావడం. వేసిన షాపువాళ్లు నాలుగు స్పీకర్లకీ ఫిట్టింగ్‌తో కలిపి 7 వేలు చెప్పారు. "అన్నా, రాత్రి డ్యూటీల నిద్ర రాకుండ ఉండేది పాటలతోనే. కానీ ఏడు వేలంటే ఈ నెల ఈఎంఐ ఆగిపోతది" అన్నాడు. ముందు సెట్టింగ్స్ ఫ్లాట్ చేస్తే మూడు స్పీకర్లు అక్కడికక్కడే బాగయ్యాయి. ముందు ఎడమది మాత్రం మారలేదు. మీటర్ పెడితే దాని మైనస్ వైరు మీద సున్నా. స్టీరియో బయటికి లాగి చూస్తే ఆ వైరు లోపలి ఇనుప బ్రాకెట్ అంచు కింద నలిగి, ఇన్సులేషన్ తెగి ఉంది. కారు ఊగినప్పుడల్లా రాగి బాడీకి తగులుతోంది, చిప్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. దెబ్బతిన్న ముక్క కత్తిరించి, వైరు కలిపి, హీట్ ష్రింక్ స్లీవ్ వేసి, బ్రాకెట్ దూరంగా బిగించాం. స్లీవ్ ఖర్చు 20 రూపాయలు కూడా కాలేదు. నాలుగూ పాత స్పీకర్లే.

వైరింగ్‌లో ఇంకో రెండు తప్పులు తరచుగా కనిపిస్తాయి:

- ప్లస్, మైనస్ తారుమారు: ఇది గరగర తెప్పించదు, కానీ బేస్‌ని మాయం చేస్తుంది. బేస్ లేదని మనం బూస్ట్ పెంచుతాం, అప్పుడు గరగర మొదలవుతుంది. స్టీరియో నుంచి స్పీకర్ వైర్లు విడదీసి, 1.5 వోల్టుల పెన్ బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ తగిలిన వైరు స్పీకర్ ప్లస్ అయితే కోన్ బయటికి వస్తుంది. నాలుగూ ఒకే దిక్కుకి కదలాలి.
- ఒకే చానల్‌కి రెండు స్పీకర్లు: వెనక అదనంగా స్పీకర్లు పెట్టి పాత వాటితో కలిపేస్తారు. 4 ఓమ్స్ స్పీకర్లు రెండు పక్కపక్కనే కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. 4 ఓమ్స్ కోసం చేసిన స్టీరియో చిప్ వేడెక్కి, కాసేపటికి సౌండ్ పాడై, ఆగిపోతుంది.

కారులో ముందే యాంప్లిఫయర్ ఉంటే

బోస్, జేబీఎల్ లాంటి పేరు డోర్ గ్రిల్ మీద ఉన్న టాప్ వేరియంట్లలో ఎక్కువ వాటికి కంపెనీ వేరే యాంప్లిఫయర్ ఇస్తుంది. అది సీటు కిందో డిక్కీలోనో దాగి ఉంటుంది. స్టీరియో నుంచి దానికి వెళ్లాల్సింది సన్నని సిగ్నల్. కొత్త స్టీరియో స్పీకర్ వైర్లని నేరుగా దానికి కలిపితే, అప్పటికే పెద్దదైన సిగ్నల్‌ని అది మళ్లీ పెద్దది చేస్తుంది. వాల్యూమ్ 5లో ఉన్నా సౌండ్ పగిలిపోతుంది. తక్కువ వాల్యూమ్‌లోనే, అన్ని స్పీకర్లలోనూ డిస్టార్షన్ ఉంటే ముందు దీన్నే అనుమానించండి. పరిష్కారం: స్టీరియో వెనక ఉండే ఆర్‌సీఏ ప్రీ అవుట్ నుంచి సిగ్నల్ ఇవ్వడం, లేదా ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ హార్నెస్ వాడటం. కొన్ని కార్లలో ఈ యాంప్ డిజిటల్ సిగ్నల్‌తో పనిచేస్తుంది, అక్కడ ప్రత్యేకమైన ఇంటర్‌ఫేస్ తప్ప వేరే దారి లేదు.

గ్రౌండ్, కరెంట్

నల్ల వైరుని పెయింట్ మీద స్క్రూతో బిగించేసి వదిలేయడం కూడా చూశాను. పాట మామూలుగా ఉంటుంది, బేస్ దెబ్బ పడగానే వోల్టేజ్ పడిపోయి సౌండ్ నలుగుతుంది. పాట గట్టిగా పెట్టి, స్టీరియో నల్ల వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య డీసీ వోల్టేజ్ కొలవండి. 0.1 వోల్టు లోపు ఉంటే మంచిది. అర వోల్టు కనిపిస్తే గ్రౌండ్ సరిగా లేదు. పెయింట్ గీకి శుభ్రమైన ఇనుము మీద బిగించాలి. ఇంజిన్‌తో పాటు పెరిగే కూతకి కూడా మొదటి మందు ఇదే.

బ్యాటరీ కూడా చూడండి. ఇంజిన్ ఆఫ్‌లో 12.6, ఆన్‌లో 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. ఒక హెచ్చరిక: ఫ్యూజ్ పదేపదే పోతుంటే పెద్దది వేయకండి, రాగి తీగ అసలే చుట్టకండి. ఫ్యూజ్ పోవడం సమస్య కాదు, సమస్య ఉందని చెప్పే గుర్తు. దాన్ని నోరు మూయిస్తే కాలేది డాష్ వెనక వైరింగే.

బయట యాంప్ కూడా పెట్టించారా?

అయితే గెయిన్ నాబ్ చూడండి. అది వాల్యూమ్ నాబ్ కాదు. స్టీరియో ఇచ్చే సిగ్నల్‌కి యాంప్‌ని సరిపోల్చడానికి మాత్రమే ఉంది. షాపుల్లో దాన్ని చివరిదాకా తిప్పేసి ఇస్తారు. మల్టీమీటర్‌తో సెట్ చేయొచ్చు: యాంప్ ఆర్ఎంఎస్ వాట్స్‌ని స్పీకర్ ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీయండి. 50 వాట్స్, 4 ఓమ్స్ అయితే 14.1 వోల్టులు. స్పీకర్ వైర్లు తీసేసి, ఈక్వలైజర్ ఫ్లాట్‌లో, స్టీరియో మూడొంతుల వాల్యూమ్‌లో టెస్ట్ టోన్ ప్లే చేసి, యాంప్ అవుట్‌పుట్ దగ్గర ఏసీ వోల్టేజ్ చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. ఆ అంకె రాగానే ఆపేయండి. డోర్ స్పీకర్లకి 1,000 హెర్ట్జ్, సబ్‌వూఫర్‌కి 50 హెర్ట్జ్ టోన్ వాడితే సరిపోతుంది.

ఇక స్పీకరే పోయిందేమో తేల్చుకుందాం

ఇవన్నీ అయ్యాక కూడా ఒక మూల గరగరలాడుతుంటే డోర్ ప్యాడ్ తీయండి. ముందుగా స్పీకర్ స్క్రూలు, ప్యాడ్ క్లిప్పులు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. పాట మోగుతుండగా ప్యాడ్‌ని అరచేత్తో నొక్కితే గరగర ఆగిందంటే తప్పు స్పీకర్‌ది కాదు, ప్లాస్టిక్‌ది.

తర్వాత స్పీకర్ విప్పి, ఓమ్స్ కొలవండి. 4 ఓమ్స్ స్పీకర్ మీటర్‌లో 3.2 నుంచి 3.8 మధ్య చూపిస్తుంది, అది మామూలే. అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. 1 కన్నా తక్కువ చూపిస్తే కాయిల్ షార్ట్ అయింది. చివరగా, రెండు చేతుల వేళ్లతో కోన్‌ని చుట్టూ సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి. గరుకుగా రాసుకుంటున్న శబ్దం వస్తే కాయిల్ కాలి వంగిపోయింది. వానాకాలంలో డోర్‌లోకి దిగిన నీళ్లకి నానిన పేపర్ కోన్, ఎండకి పొడిపొడి అయిన అంచు కళ్లతోనే కనిపిస్తాయి. ఇలాంటి స్పీకర్‌ని నిస్సంకోచంగా మార్చేయండి. ముందు రెండు లేదా వెనక రెండు, జతగా మారిస్తే సౌండ్ సమానంగా ఉంటుంది. నాలుగూ మార్చాల్సిన అవసరం చాలా అరుదు.

షాపుకి వెళ్తే ఇవి అడగండి

కారు వైర్లు కత్తిరించకుండా కప్లర్‌తో వేయమనండి. కత్తిరించిన వైరింగ్ వారంటీలో ఉన్న కారుకి తర్వాత తలనొప్పి. స్టీరియో లోపలికి తోసే ముందు నాలుగు మూలలూ ఫేడర్‌తో విని చూపించమనండి. డెమో ఈక్వలైజర్ ఫ్లాట్‌లో ఇవ్వమనండి. "స్పీకర్ పోయింది" అంటే, మీటర్ పెట్టి ఓమ్స్ చూపించమనండి. నిజంగా పోయి ఉంటే చూపించడానికి రెండు నిమిషాలు పట్టదు. చూపించలేకపోతే మీ డబ్బు మీ జేబులోనే ఉండనివ్వండి.